బయానా ఇచ్చే ముందు నాయనను అడగండి

ప్రశ్న: మేము మహబూబ్‌నగర్‌లో ఉంటాం. కొత్తగా ఇల్లు కట్టుకున్నాం, శ్రావణంలో గృహప్రవేశం. మా నాయన సొంతూరు కొల్లాపూర్ దిక్కు కృష్ణ ఒడ్డున ఉండేది. శ్రీశైలం ప్రాజెక్టు కింద 1981లో ఖాళీ చేయించారు. అప్పటికి నాయనకు పెళ్లయి ఏడాది కూడా కాలేదు. ఇప్పుడు డెబ్బై దాటాయి. ఊరి సంగతి ఎక్కువ మాట్లాడడు. ఎండాకాలం పేపర్లో డ్యామ్ నీటిమట్టం ఎంత ఉందో చూసి పేపరు మడిచి పక్కన పెడతాడు, అంతే. కొత్త ఇంటి హాల్లో సోఫా మీది గోడకు అక్కడి నది ఫోటో పెద్దది పెట్టించి, నాయనకు చెప్పకుండా చూపించాలని నేనూ మా తమ్ముడూ అనుకున్నాం. తెలిసిన ఫోటోగ్రాఫర్ ఒకాయన ఉన్నారు, పెళ్లిళ్లు తీస్తారు. మొత్తం 35 వేలు అడిగారు. నిండు నీళ్లు, సూర్యోదయం, పడవ, డ్రోన్ షాట్ అన్నీ గ్యారంటీ, వారం రోజుల్లో ఇస్తా అంటున్నారు. సగం డబ్బు బయానాగా ఇప్పుడే కావాలట. ఈ రేటు న్యాయమేనా? ఫోటో మీద హక్కు మాదా, ఆయనదా? సైజు ఎంత పెట్టించాలి? ఉగాది వెళ్లింది, ఇంకా నాలుగు నెలలే ఉన్నాయి, టెన్షన్‌గా ఉంది. — ఒక పాఠకురాలు

జవాబు: బయానా ఇంకా ఇవ్వలేదు కదమ్మా, మంచి పని చేశారు. ఇంకో నాలుగు రోజులు ఇవ్వకండి.

మీ ఉత్తరంలో నన్ను ఆపిన మాట 35 వేలు కాదు, "నిండు నీళ్లు, వారం రోజుల్లో" అన్నది. ఇది ఏప్రిల్. శ్రీశైలం జలాశయం నిండేది ఎగువన వానలు పడి, ఆల్మట్టి, నారాయణపూర్, జూరాల డ్యాములు దాటి వరద దిగినప్పుడు. మంచి ఏడాదైతే జూలై చివర నుంచి ఆగస్టు, సెప్టెంబరు దాకా ఆ సంబరం. ఉగాది వెళ్లాక కొల్లాపూర్ దిక్కు నది రోజురోజుకూ వెనక్కి పోతూ ఉంటుంది, ఒడ్డున ఒండ్రు నెర్రెలిచ్చి కనబడుతుంది. మరి ఈ వారంలో నిండు నీళ్లు ఆయన ఎక్కడి నుంచి తెస్తారు? రెండే దారులున్నాయి. ఒకటి, గత వానాకాలంలో తీసిన ఫోటో ఆయన దగ్గర ఉండి ఉండాలి. రెండు, ఇప్పుడు తీసిన దానికి కంప్యూటర్‌లో నీళ్లూ ఆకాశమూ అతికించాలి. మొదటిది తప్పేమీ కాదు, కాకపోతే అది మీ కోసం తీసిన ఫోటో కాదు, రేటూ వేరు, హక్కూ వేరు. ఆ సంగతి తర్వాత చెబుతాను. రెండోది అయితే మాత్రం మీ నాయన గోడ మీద అలాంటిది పెట్టకండి.

ఆయనను మోసగాడని అనడం లేదు. పెళ్లిళ్లు తీసే మనిషికి గ్యారంటీ ఇవ్వడం అలవాటు. తలంబ్రాలు ఎన్ని గంటలకో పత్రికలోనే ఉంటుంది, పందిట్లో లైట్లు మన చేతిలో ఉంటాయి. నదికి ముహూర్తం పెట్టే పంతులు లేడు. ఈ రకం ఫోటో చెప్పి తీయించుకోవడమంటే మనం డబ్బు పెట్టేది ఆ మనిషి రోజులకు. ఎన్ని పొద్దులు అక్కడికి పోతాడు, మబ్బేస్తే మళ్లీ పోతాడా, ఎంతసేపు నిలబడతాడు అన్నదే బేరం. ఆకాశం ఎలా ఉంటుందో మాటివ్వగలిగినవాణ్ని నేను ఇప్పటిదాకా చూడలేదు. నేనూ ఫోటోలు తీసేవాణ్నే, ఒకసారి ఒకరికి జూరాల గేట్ల ఫోటో ఇస్తానని మాటిచ్చి పోయాను. నేను చేరేసరికి పైనుంచి వరద తగ్గి గేట్లన్నీ దించేశారు. కట్ట మీద మిర్చి బజ్జీలు తిని వచ్చాను. అడిగినవారికి ఆ రోజు సంగతి చెప్పడానికి రెండు రోజులు పట్టింది.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. మీకు నది ఫోటో కావాలా, ఊరి ఫోటో కావాలా?

ఉత్తరంలో నది అని రాశారు. కానీ మీ నాయన పేపర్లో చూసేది నిండు నీళ్ల కోసం కాదని నా అనుమానం. జలాశయం పూర్తి మట్టం 885 అడుగులు. అది దిగుతూ పోయేకొద్దీ మునిగిన ఊళ్ల మొండి గోడలు, ఊరబావి ఒరలు, రచ్చకట్ట రాళ్లు, చింతమొద్దులు తేలతాయి. ఏ ఊరు ఎన్ని అడుగులకు తేలుతుందో ఆ ఊరివాళ్లకు కంఠతా వచ్చు. మీ నాయన పేపరు మడిచేది ఆ లెక్క వేసుకుని అయి ఉండవచ్చు. కర్నూలు, పాలమూరు జిల్లాల్లో వంద దాకా ఊళ్లు ఆ నీళ్ల కింద పోయాయి. ఆ ఊళ్ల పెద్దలు కొందరు ఎండాకాలం ఊరు తేలిందని తెలిస్తే పోయి చూసి వస్తారు. కొందరు చచ్చినా అటు పోరు. మీ నాయన ఏ రకమో మీకూ తెలియదు, ఎందుకంటే ఆయన మాట్లాడడు.

నిండు కృష్ణ, పొద్దుపొడుపు, బంగారు నీళ్ల మీద పుట్టి (గుండ్రటి పడవ), అందులో వల విసిరే మనిషి. చూసేవాళ్లకు చాలా అందమైన ఫోటో. వచ్చిన చుట్టాలంతా బాగుంది అంటారు. మరి మీ నాయనకో? ఆ నిండు నీళ్ల కిందే ఊరు ఉంది. ఊరిని మింగిన నీళ్లు రోజూ సోఫా మీద మెరుస్తూ ఉంటే ఆ మనిషికి ఏమనిపిస్తుందో మీరూ నేనూ ఊహించి తేల్చే విషయం కాదు. అందుకే సర్‌ప్రైజ్ ఆలోచన మానుకోండి. ఆయనను అడగండి. "నాయనా, హాల్లో పెట్టడానికి ఊరి ఫోటో తీయిద్దామనుకుంటున్నాం, నీళ్లు తగ్గినప్పుడు పోదామా, నువ్వొస్తావా" అని ఒక్కమాటు అడిగి ఊరుకోండి. వెంటనే జవాబు రాకపోతే రెండోసారి అడగకండి. రెండు రోజుల తర్వాత ఆయనే ఏ అన్నం దగ్గరో అంటాడు. వద్దంటే వద్దు, అప్పుడేం చేయాలో చివర్లో రాస్తాను.

వస్తానంటే మాత్రం, మీ ఫోటోకు సగం పని అయిపోయినట్టే. కెమెరా ఎక్కడ పెట్టాలో తెలిసిన మనిషి మీకు ఇంట్లోనే దొరికాడు. తేలిన ఊరు బయటివాళ్లకు రాళ్ల కుప్పలాగే కనబడుతుంది. ఏ గోడ చావడిదో, ఏ గోడ మీ ఇంటిదో, ఏ బాట నదికి దిగేదో ఫోటోగ్రాఫర్‌కు ఏం తెలుసు? ఆయన తన కంటికి అందంగా ఉన్న చోట ట్రైపాడ్ (కెమెరా స్టాండ్) పాతుతాడు. ఆ ఫోటోలో మీ ఇల్లు ఏ మూలకో పోయి ఉంటుంది, లేదా ఉండనే ఉండదు. అందుకని మొదటి ప్రయాణం కెమెరా లేకుండానే చేయండి, ఫోన్ చాలు. నాయన ఎక్కడ నిలబడి చేయి చూపిస్తాడో అక్కడ ఫోన్‌లో లొకేషన్ సేవ్ చేసుకోండి, ఆయన చూసే దిక్కుకు ఒక ఫోటో తీయండి. ఆ ఫోన్ ఫోటోయే మీరు ఫోటోగ్రాఫర్‌కు ఇచ్చే ఆర్డర్. "బాగా తీయండి" అని చెప్పడం కంటే "ఇక్కడి నుంచి ఈ దిక్కుకు, ఈ గోడ ఎడమ పక్కన రావాలి" అని చెప్పడం ఎంతో నయం.

డ్రోన్ కూడా ఇందుకే వద్దంటాను. మీ నాయన తన ఊరిని ఎన్నడూ ఆకాశం నుంచి చూడలేదు. నడిచే మనిషి కంటి ఎత్తులో చూశాడు. పైనుంచి తీస్తే ఊరు మ్యాప్‌లాగా వస్తుంది, పేపర్లో వార్తకు బాగుంటుంది. పైగా డ్రోన్‌కు రూల్స్ ఉన్నాయి. 2021 డ్రోన్ నిబంధనల ప్రకారం 250 గ్రాములు దాటినది డబ్బు కోసం ఎగరేసేవారికి పైలట్ సర్టిఫికెట్ ఉండాలి. ఏ చోట ఎగరేయవచ్చో ప్రభుత్వం వారి డిజిటల్ స్కై ఆన్‌లైన్ మ్యాప్‌లో చూసుకోవాలి. అమ్రాబాద్ పులుల అభయారణ్యం పరిధిలోకి పోతే అటవీ శాఖ అనుమతి లేకుండా కుదరదు. ఇవన్నీ చూసుకుని అందమైన మ్యాప్ తెచ్చుకోవడం కంటే ఆ డబ్బుతో ఇంకో పొద్దు అక్కడ గడపమనండి.

ఎప్పుడు పోవాలన్నది ఇందులో ముఖ్యమైన సంగతి. నాలుగు నెలలున్నాయి అన్నారు, నిజానికి మీకున్నది రెండు నెలలే. కృత్తిక కార్తె నుంచి రోహిణి కార్తె చివరిదాకా, అంటే మే రెండో వారం నుంచి జూన్ మొదటి వారం దాకా. అప్పటికి నీళ్లు బాగా దిగి ఉంటాయి, కొత్త వరద ఇంకా రాదు. మృగశిర దాటాక వాన పడితే ఆ ఒండ్రులో మోకాలి లోతు దిగబడతారు. జూలైలో పైనుంచి నీళ్లు మొదలైతే ఊరు మళ్లీ ఏడాది దాకా కనబడదు. గృహప్రవేశానికి నెల ముందు తీరిగ్గా పోదామనుకుంటే నీళ్ల ఫోటోయే దొరుకుతుంది.

ఎండాకాలంలో ఆకాశం తెల్లగా, దుమ్ముతో చదునుగా ఉంటుందని మీ ఫోటోగ్రాఫర్ అభ్యంతరం చెప్పవచ్చు. నిజమే. దానికి విరుగుడు కూడా ఆ రోజుల్లోనే ఉంది. మే చివర్లో సాయంత్రం ఒక గాలివాన పడుతుంది చూడండి, మామిడికాయలు రాల్చేది. అది గాలిలోని దుమ్మంతా కడిగేస్తుంది. మర్నాడు పొద్దున దూరపు గుట్టలు గీత గీసినట్టు కనబడతాయి, కొంచెం మబ్బు కూడా ఉంటుంది. ఆ పొద్దున అక్కడ ఉండాలి. అందుకే తారీఖు ముందే ఖాయం చేసుకోకుండా "ఈ పదిహేను రోజుల్లో ఫోన్ చేస్తే రావాలి" అని మాట తీసుకోండి. మే నెల పెళ్లిళ్ల సీజన్ కనుక ఆయనకు ఇది కష్టం. ఇప్పుడే ముహూర్తాల రోజులు అడిగి, అవి తీసేసి మిగిలిన రోజులు రాసి పెట్టుకోండి.

పొద్దున్నే పోవాలి అనడానికి అందం ఒక్కటే కారణం కాదు. తేలిన గోడలు ఒకటి రెండు అడుగుల ఎత్తే ఉంటాయి, మిగతాది ఒండ్రులో కూరుకుపోయి ఉంటుంది. నడినెత్తిన ఎండ ఉన్నప్పుడు తీస్తే గోడలకు నీడ ఉండదు, మట్టీ రాయీ ఒకే రంగులో కలిసిపోతాయి. పొద్దు పొడిచిన గంటలోపు ఎండ పక్క నుంచి పడుతుంది. అప్పుడు మూరెడు గోడకు కూడా పొడుగు నీడ పడి, ఇళ్ల గదులు, బాటలు పలక మీద గీసినట్టు బయటికొస్తాయి. పాత కట్టడాల ఆనవాళ్లు వెతికేవాళ్లు కూడా ఈ వాలు ఎండనే నమ్ముకుంటారు. మే చివర్లో అక్కడ ఐదు నలభై, ఐదు ముప్పావు ప్రాంతంలో పొద్దు పొడుస్తుంది. మహబూబ్‌నగర్ నుంచి సుమారు వంద కిలోమీటర్లు, ఆపైన ఒడ్డు నుంచి నడక. కనుక ముందు రాత్రి కొల్లాపూర్‌లోనో సోమశిలలోనో పడుకోవాలి. ఆ బస ఖర్చు ఎవరిదో ముందే మాట్లాడుకోండి, తర్వాత మొహాలు మాడ్చుకోవడం ఇక్కడే మొదలవుతుంది.

ఒండ్రు సంగతి ఇంకో మాట. పైన ఎండి పెచ్చులు కట్టి ఉంటుంది, అడుగు వేస్తే లోపల బురద. అక్కడి చేపలు పట్టే వాళ్లలో ఒకరిని తోడు తీసుకుని ఆయన అడుగులో అడుగు వేయండి. పుట్టి ఎక్కాల్సి వస్తే లైఫ్ జాకెట్ లేకుండా నాయనను ఎక్కించకండి. ఎనిమిదిన్నరకల్లా తిరిగి నీడకు రావాలి. డెబ్బై దాటిన మనిషి, రోహిణి ఎండ. ఫోటో కంటే ఆయన ముఖ్యం అని నేను చెప్పాల్సిన పని లేదు కానీ, ఊరు చూశాక ఆయన అంత త్వరగా కదలడు, అందుకని చెబుతున్నా. గొడుగు, మజ్జిగ పట్టుకెళ్లండి.

ఇక మనిషి ఎంపిక. పెళ్లిళ్లు తీసేవాడు ఈ పని చేయలేడని నేననను. నేనూ స్టూడియో నుంచే వచ్చాను. ఆయన దగ్గరున్న నది, గుట్టల ఫోటోలు ఓ పది చూపించమనండి. ఒక్కోదానికి ఏ చోటు, ఏ నెల, ఎన్నిసార్లు పోతే వచ్చింది అని అడగండి. "మూడుసార్లు పోయాను మేడమ్, రెండుసార్లు ఉత్త చేతులతో వచ్చాను" అంటే ఆ మనిషికి బయానా ఇవ్వొచ్చు. అన్నీ ఒక్కసారికే వచ్చాయంటే కొంచెం జాగ్రత్త.

ఆకాశం అతికించిన ఫోటోను మీరే పట్టుకోవచ్చు, దానికి పెద్ద చదువు అక్కర్లేదు. ఫోటోలో చెట్ల నీడలు ఏ పక్కకు పడ్డాయో చూడండి, తర్వాత మబ్బుల మీద వెలుగు ఏ పక్క నుంచి ఉందో చూడండి. రెండూ కుదరకపోతే అది అతుకే. నీళ్లలో చూడండి, పైన ఎర్రటి మబ్బులుండి కింద నీళ్లు తెల్లగా ఉంటే అదీ అతుకే. కొమ్మల సందుల్లో ఆకాశం వేరే రంగులో అంచు కట్టినట్టు ఉంటుంది. మీ దానికి మాత్రం మాట ముందే అనండి: వెలుగు, రంగు కొంచెం సరిదిద్దితే సరే, ఆకాశం మార్చొద్దు, పక్షులు చేర్చొద్దు, కరెంటు స్తంభం ఉంటే ఉండనీయండి. కెమెరా నుంచి వచ్చిన అసలు ఫైల్ ఒకసారి పక్కన పెట్టి చూపించమనండి. నిజంగా తీసినవాడు సంతోషంగా చూపిస్తాడు.

సైజు దగ్గర చాలామంది పొరపాటు పడతారు కాబట్టి కొంచెం లెక్క చెబుతాను. సోఫా ఏడడుగులు అనుకుందాం. దాని మీద ఐదడుగుల వెడల్పు ఫోటో బాగుంటుంది. సోఫాలో మూడింట రెండు వంతులకు తగ్గితే తపాలా బిళ్ల అంటించినట్టు ఉంటుంది. మామూలుగా 24 మెగాపిక్సెల్ కెమెరా ఫోటో అడ్డంగా 6000 చుక్కలు (పిక్సెల్స్). ఐదడుగులంటే 60 అంగుళాలు, అంగుళానికి 100 చుక్కలు పడతాయి. గదికి అవతలి పక్క నుంచి చూసేవారికి అది చాలు, ఏ లోపమూ కనబడదు. కానీ మీ నాయన అవతలి పక్క నుంచి చూడడు. దగ్గరికి పోయి, కళ్లజోడు సరిచేసుకుని, వేలు పెట్టి "ఇది మన దర్వాజా ఉన్న చోటు" అని చూపిస్తాడు. మూరెడు దూరం నుంచి చూసే మనిషికి 100 చుక్కలు మసకగా ఉంటాయి. అందుకని ఒక్క ఫోటోగా కాకుండా, కెమెరాను నిలువుగా పెట్టి, ట్రైపాడ్ మీద తిప్పుతూ ఐదు ఫోటోలు తీసి జత చేయమనండి. ఒకదాని మీద ఒకటి మూడో వంతు ఎక్కేలా తీస్తే, జత చేసిన తర్వాత వెడల్పు 14 వేల చుక్కలు దాటుతుంది. అప్పుడు అంగుళానికి 240 చుక్కలు, వేలు పెట్టి చూసినా గోడ రాళ్లు విడివిడిగా కనబడతాయి. ఆ లెక్కన ఎత్తు రెండడుగులు వస్తుంది. ఐదడుగులు బై రెండడుగులు, సోఫా మీదికి సరిగ్గా సరిపోయే కొలత. ఆర్డర్ ఇచ్చేటప్పుడే ఈ కొలత చెప్పాలి. తీశాక చెబితే పైనా కిందా కోసేస్తారు, పోయేది మీ ఇంటి గోడే కావచ్చు.

ప్రింటు ఫ్లెక్స్ మీద వద్దు. గృహప్రవేశం బ్యానర్‌కు అది సరే. మ్యాట్ (మెరుపు లేని) ఫోటో పేపర్ లేదా కాటన్ పేపర్ మీద, పిగ్మెంట్ ఇంకుతో వేయించండి. మహబూబ్‌నగర్‌లో దొరకకపోతే హైదరాబాద్ ల్యాబ్‌కు ఫైల్ పంపితే వేసి పంపిస్తారు. కాన్వాస్ చూడటానికి గొప్పగా ఉంటుంది కానీ దాని నేత గరుకు వల్ల చిన్న చిన్న వివరాలు మెత్తబడతాయి, మీకు వివరమే కావాలి. పెద్ద ప్రింటు వేసే ముందు మధ్యలోంచి ఒక జానెడు ముక్క అసలు సైజులో వేయించి, మీ హాల్లో, మీ లైటు కింద పెట్టి చూడండి. స్టూడియో కంప్యూటర్‌లో వెలిగిపోయే ఫోటో గోడ మీద చీకటిగా ఉండటం మామూలే.

అద్దం దగ్గర నా అనుభవం ఒకటి చెప్పాలి. ఒక డాక్టర్ గారింట్లో పెద్ద ఫోటో పెట్టించాం, మామూలు అద్దం, ఎదురుగా కిటికీ. నెల తర్వాత పోతే గుట్టల ఫోటోలో కిటికీ ఊచలు, టీవీలో సీరియల్, నా బట్టతల అన్నీ కనబడ్డాయి, గుట్టలు తప్ప. కిటికీకి ఎదురు గోడ అయితే వెలుగు తిప్పికొట్టని మ్యాట్ అక్రిలిక్ వేయించండి. కొంచెం ఖర్చే. ఇంకో సంగతి, కొత్త ఇల్లు కదా, గోడ తడి మొదటి వానాకాలం దాకా పూర్తిగా ఆరదు. ఫ్రేమ్ వెనక నాలుగు మూలలా చిన్న రబ్బరు బిళ్లలు అంటించి గోడకు కొంచెం ఎడం ఉంచితే గాలి ఆడుతుంది, బూజు పట్టదు.

హక్కు సంగతి. మన దేశంలో కాపీరైట్ చట్టం 1957 నాటిది. మామూలుగా ఫోటో తీసినవారిదే హక్కు. కానీ ఒకరు అడిగి, డబ్బిచ్చి తీయించుకున్న ఫోటో అయితే, వేరే ఒప్పందం ఏదీ లేనప్పుడు, ఆ చట్టం 17వ సెక్షన్ ప్రకారం మొదటి హక్కుదారు తీయించుకున్నవారే. అంటే మీరే. చాలామంది ఫోటోగ్రాఫర్లకే ఇది తెలియదు, ఆయనతో వాదన పెట్టుకోకుండా చల్లగా చెప్పండి. అయితే ఇందాక అన్నాను కదా, పాత ఫోటో సంగతి. ఆయన తన ఇష్టం మీద ఎప్పుడో తీసుకున్నది మీకు అమ్మితే అది మీరు తీయించింది కాదు. హక్కు ఆయనదే, మీది ఆ ప్రింటు మాత్రమే. అదే ఫోటోను ఆయన రేపు ఏ హోటల్ గోడకో ఇవ్వొచ్చు. బేరం కుదిరే ముందు "ఇది కొత్తగా తీసేదా, ఉన్నదా" అని అడగమనేది అందుకే. హక్కు మీదైనా ఫోటో తీసింది నేనే అని చెప్పుకునే హక్కు ఆయనకు ఎప్పటికీ ఉంటుంది, 57వ సెక్షన్ అదే చెబుతుంది. ఫ్రేమ్ మూలకు చిన్నగా ఆయన పేరు వేయించండి. తన ఇన్‌స్టాగ్రామ్‌లో పెట్టుకుంటానంటే పెట్టుకోనివ్వండి, కానీ నాయన ఫోటోలో ఉంటే ముందు ఆయనను అడగాలి. మా ఫోటోగ్రాఫర్లలో కొందరు కన్నీళ్లు పెట్టుకునే పెద్దమనిషి ఫోటో దొరికితే దానికి పాట పెట్టి లోకానికి చూపించేదాకా నిద్రపోరు.

ఇక 35 వేలు. రెండు పొద్దులు అక్కడికి పోవడం, ఒక రాత్రి బస, ఐదు ఫోటోలు జత చేసే పని, మంచి పేపర్ ప్రింటు, ఫ్రేము, పూర్తి సైజు ఫైల్ మీకివ్వడం ఇవన్నీ కలిపి అయితే నాకు ఎక్కువ అనిపించదు. ఉన్న ఫోటోను కాన్వాస్ మీద వేసిచ్చేందుకైతే చాలా ఎక్కువ. సగం బయానా ఇవ్వొద్దు. పోయి రావడానికి అయ్యే ఖర్చు అంత ఇప్పుడు, ఫోటో మీరు చూసి ఎంచుకున్నాక సగం, ప్రింటు గోడకు ఎక్కాక మిగతాది. మీ వల్ల కాకుండా, మబ్బు వల్లో వాన వల్లో రెండు పొద్దులూ పాడైతే మూడోసారికి ఎంత అన్నది కూడా ఇప్పుడే అడగండి. స్టాంపు పేపర్లు అక్కర్లేదు. ఇవన్నీ ఒక వాట్సాప్ మెసేజ్‌గా రాసి పంపి, ఆయనతో "ఓకే" అనిపించుకుంటే చాలు. ప్రింటు ఆషాఢం సగానికల్లా చేతికి రావాలని కూడా అందులో రాయండి. శ్రావణం దగ్గరపడితే ఫ్రేములు కట్టేవాళ్లు దొరకరు, ఊరంతా గృహప్రవేశాలే.

ఒక ఆశ కూడా పెడతాను. వరద వచ్చి నిండాక సెప్టెంబరులో అదే చోటి నుంచి, అదే దిక్కుకు ఇంకో ఫోటో తీయిస్తే? ఊరున్న ఫోటో, ఊరు లేని ఫోటో. ఆలోచన బాగుంది కానీ ఒక చిక్కుంది. ఇప్పుడు మీరు ట్రైపాడ్ పెట్టే చోటు అప్పటికి నీళ్లలో ఉంటుంది. రెండూ కావాలంటే మొదటి ఫోటో కూడా పైగట్టు నుంచి, నీళ్లు చేరని ఎత్తు నుంచి తీయాలి. అప్పుడు ఇంటి గోడలు చిన్నవైపోతాయి. నన్నడిగితే రెండో ఫోటో ఆశ వదిలేసి కిందికి దిగి తీయించమంటాను. మీ ఇష్టం.

నాయన రానంటే, లేదా ఈ ఏడాది మీ ఊరు తేలేంత నీళ్లు దిగకపోతే, ఇంకో దారి ఉంది. మునిగిపోయే చోట్ల ఉన్న గుళ్లు కొన్ని విప్పి, రాళ్లకు నంబర్లు వేసి, ఒడ్డుకు తెచ్చి మళ్లీ కట్టారు. సోమశిలలో అలాంటివి ఉన్నాయి, జటప్రోలులో మదనగోపాలస్వామి గుడి ఉంది, అలంపురం దగ్గర పాపనాశి గుళ్లు, కూడవెల్లి సంగమేశ్వరాలయం ఉన్నాయి. మీ ఊరివాళ్లు జాతరకు ఏ గుడికి పోయేవారో మీ అమ్మను అడగండి, నాయన కంటే ఆమె త్వరగా చెబుతుంది. ఆ గుడి పైకి తెచ్చినదైతే ఆ రాళ్లు కిందివే, మీ నాయన చిన్నప్పుడు ఆ మెట్ల మీద ఆడుకుని ఉండవచ్చు. పొద్దున్నే ఆ గుడి, వెనక కృష్ణ ఉండేలా ఫోటో తీయించండి. దానికి ఏ కార్తె కోసమూ ఆగనక్కర్లేదు, బురదా లేదు, సర్‌ప్రైజ్ కూడా చేయొచ్చు.

ముందు ఈ ఆదివారం నాయనను అడగండి. ఫోటోగ్రాఫర్‌కు ఫోన్ సోమవారం చేసినా ఆలస్యం ఏమీ కాదు. పెళ్లిళ్ల తారీఖుల లిస్టు మాత్రం మర్చిపోకుండా అడగండి.